తడబాటు లేని అక్షరం

గంగడపాలెం జెట్టీ కూలిన పూట హైమవతి కొండ మీద ప్రయోగశాలలో కూర్చుని ఇంటిగ్రల్ గుర్తుకు తోక దిద్దుతోంది.

ఆ గుర్తంటే ఆమెకు మొదటినుంచీ ఇష్టం. నిటారుగా నిలబెడితే గడకర్రలా ఉంటుంది. మరీ వాలిస్తే ముందుకు తూలుతున్నట్టుంటుంది. ఆ రెంటికీ నడుమ ఎక్కడో పట్టుకోవాలి. తెర మీద దాన్ని వెంట్రుకవాసి వంచి, ఎదుటి కుర్చీలో ఉన్న పరిశోధక విద్యార్థినిని చదవమంది. తెర పైఅంచున ఉన్న చిన్న కెమెరా ఆ అమ్మాయి కంటిపాపల్ని గమనిస్తోంది. కళ్ళు పంక్తి మీద నీళ్ళ మీద ఆకులా జారిపోయాయి. ఎక్కడా ఆగలేదు.

"ఎలా ఉంది?" అని అడిగింది హైమవతి.

"చదువుతున్నట్టే లేదు మేడమ్. ఎవరో చెవిలో చెబుతున్నట్టుంది."

అప్పుడే ఫోను మోగింది. భర్త సన్యాసిరావు. పనివేళల్లో చేసే మనిషి కాదు.

"జెట్టీ పోయింది," అన్నాడు.

"ఏ జెట్టీ?"

"మన గంగడపాలెంది. దాని మీద మనుషులున్నారు హైమా."

గొంతులో ఏడుపు లేదు, భయం లేదు. ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టుంది.

సన్యాసిరావు తీర నిర్మాణ సంస్థలో డిజైన్ ఇంజనీరు. విశాఖకు ఉత్తరాన ఉన్న గంగడపాలెంలో బెస్తవాళ్ళు పడవలు కట్టుకోవడానికి వేసిన కొత్త జెట్టీకి స్తంభాలెంత లావుండాలి, ఎంత లోతుకు దిగాలి అన్న లెక్కంతా అతనిదే. కట్టి ఏడాది కాలేదు. వాయుగుండం పడి సముద్రం రేగింది. తుఫాను కాదు, ఏటా వచ్చే మామూలు వాయుగుండమే. పడవల్ని లంగరు నుంచి విడిపించడానికి కొందరు జెట్టీ చివరిదాకా వెళ్ళారు. స్తంభాలు మోకాళ్ళు విరిగినట్టు ఒకదాని వెనక ఒకటి వంగిపోయాయి. నలుగురు పోయారు. వాళ్ళలో ఒకామె చేపల తట్ట మరిచిపోయానని వెనక్కి వెళ్ళిన ముసలావిడ.

ఆ తర్వాత సన్యాసిరావు తిండి మానేశాడు. నిద్ర కరువైంది. టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని తన లెక్కల్నీ, ఆ లెక్కలకు ఆధారమైన పరిశోధన వ్యాసాన్నీ మళ్ళీ మళ్ళీ చదివేవాడు. అలల తాకిడిని స్తంభాల గుంపు ఎలా పంచుకుంటుందో చెప్పే వ్యాసం అది. పేరున్న పత్రికలో వచ్చింది. ప్రపంచమంతా వాడుతున్నారు. చదివిన ప్రతిసారీ తల ఊపేవాడు.

"ఎక్కడా తప్పు లేదు హైమా. ఎన్నిసార్లు చూసినా లేదు."

విచారణ సంఘం కూడా అదే చెప్పింది. దేశంలో పెద్ద పెద్ద ఇంజనీర్లు కూర్చుని చదివి లెక్క సరిగ్గానే ఉందని తేల్చారు. లెక్క సరైనదైతే మరి తప్పు సరుకుదే. కాంక్రీటు కలిపించిన మేస్త్రీ పైడయ్యను పోలీసులు తీసుకెళ్ళారు.

నివేదిక వచ్చిన సాయంత్రం సన్యాసిరావు చాలా రోజుల తర్వాత గడ్డం గీసుకున్నాడు. మర్నాడు మార్కెట్‌కు వెళ్ళి వంజరం తెచ్చాడు. కూలిన రోజునుంచి ఇంట్లో చేప ముట్టలేదు. పులుసన్నం కలుపుకుంటూ, "పోయినవాళ్ళ బాధ ఎలాగూ ఉంటుంది. నా చేత్తో జరగలేదన్న ఒక్క మాట చాలు, బతకొచ్చు," అన్నాడు. హైమవతి అతని విస్తట్లో ఇంకో ముక్క వేసింది. ఆమెకూ ఆ ఒక్క మాటే చాలనిపించింది.

ఆ వారంలోనే పైడయ్య భార్య నూకరత్నం గేటు దగ్గరికి వచ్చింది. సన్యాసిరావే బయటికి వెళ్ళి, ఎండలో నిలబెట్టకుండా వరండాలోకి పిలిచి కూర్చోబెట్టాడు.

"మా ఆయన ఇసక కాడ ఒక్క గమేళా ఎక్కువెయ్యనిచ్చేవోడు కాదు బాబూ. కూలోళ్ళు తిట్టుకునీవోరు. ఆడెలగ సేత్తాడు ఈ పని?"

"చూడమ్మా," అన్నాడు సన్యాసిరావు నెమ్మదిగా. "నాకు ఆయన మీద కోపం లేదు. లెక్క నూటికి నూరుపాళ్ళు సరిగ్గా ఉంది. పెద్దవాళ్ళంతా చూశారు. లెక్క సరిగ్గా ఉండి కూడా కూలిందంటే నేనేమనుకోవాలి, నువ్వే చెప్పు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. లోపల కిటికీ దగ్గర నిలబడ్డ హైమవతికి భర్త ఎంత దయగా మాట్లాడాడో అనిపించింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

* * *

హైమవతి పని చేసే చోటు గణిత ముద్రణ పరిశోధన కేంద్రం. ఆమె మొదట్లో తెలుగు అక్షరాలకు రూపాలు గీసేది. గణితంలో డిగ్రీ ఉందని ఇక్కడికి పిలిచారు. గణితం చదవడం కష్టమని లోకమంతా అంటుంది కదా, ఆ కష్టంలో సగం అక్షరాల వల్లనేనని వాళ్ళ నమ్మకం. పైన వేలాడే చిన్న అంకె కనబడదు. బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో తెలియదు. కన్ను ఆగుతుంది, వెనక్కి వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. దాన్ని వాళ్ళు తడబాటు అనేవారు. ఆ తడబాటు పోగొట్టడానికి పుట్టిందే సులిపి.

సులిపి తెర మీద బతికే అక్షరం. చదివేవాడి కన్ను ఎక్కడ ఆగబోతోందో కెమెరాతో ముందే పసిగట్టి, అక్కడి రూపాన్ని తనంతట తానే సవరించుకుంటుంది. ఒక గీత పలచబడుతుంది. పవర్ అంకె కాస్త పైకి జరుగుతుంది. రెండు గుర్తుల మధ్య జాగా ఆవగింజంత పెరుగుతుంది. కన్ను ముందుకు సాగుతుంది. చదివేవాడికి ఇదేమీ తెలియదు, హాయిగా ఉందని తప్ప. బయటికి వచ్చిన మూడేళ్ళలో సైన్సు పత్రికలన్నీ, పాఠ్యపుస్తకాలన్నీ, ఆసుపత్రుల్లో మందుల లెక్కలూ సులిపిలోకి మారిపోయాయి. ఒక వ్యాసానికి వారం పట్టేవాళ్ళు ఒక పూటలో చదివేస్తున్నారు. హైమవతికి దేశవిదేశాలనుంచి బహుమతులొచ్చాయి.

కళ్ళ కదలికల లెక్కలన్నీ చూసేది నిలోఫర్. గుంటూరు అమ్మాయి, మెదడు శాస్త్రంలో పెద్ద చదువు చదివింది. ఎప్పుడూ ఏదో నములుతూ, నవ్వుతూ ఉండే మనిషి. ఆ శనివారం మాత్రం నవ్వకుండా వచ్చి హైమవతి ముందు తెర పెట్టింది.

"హైమ గారూ, స్కూలు పిల్లల పుస్తకంలో వేయాల్సిన పేజీ. ఒకసారి చూసి చెప్పండి."

చిన్న నిరూపణ. అయిదు పంక్తులు. రెండు బేసి సంఖ్యల్ని కలిపితే బేసి సంఖ్యే వస్తుందని చూపించేది. హైమవతి చదివింది.

"బాగుంది. మూడో పంక్తిలో బ్రాకెట్ కొంచెం కిందికి దిగినట్టుంది, సరి చేస్తాను."

"గణితం?"

"గణితానికేం, శుభ్రంగా ఉంది."

నిలోఫర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మూడూ అయిదూ కలిపితే ఎంతండీ?"

"ఎనిమిది."

"ఎనిమిది బేసి సంఖ్యా?"

"కాదు."

అన్నాక హైమవతి తెర వైపు చూసింది. నిరూపణ అక్కడే ఉంది, నున్నగా, అందంగా. మళ్ళీ చదివింది. మళ్ళీ సరిగ్గానే అనిపించింది. మూడూ అయిదూ ఎనిమిది. ఎనిమిది బేసి కాదు. నిరూపణ సరైనదే. ఈ మూడూ ఆమె తలలో ఒకదాని పక్కన ఒకటి గొడవ పడకుండా కూర్చున్నాయి.

నిలోఫర్ కెమెరా ఆపి, అదే పేజీని పాతకాలపు మామూలు అక్షరాల్లోకి మార్చింది. మూడో పంక్తిలో ఒకటీ ఒకటీ కలిపితే రెండు రావాల్సిన చోట ఒకటే ఉంది.

"కనిపించిందా?"

"కనిపిస్తోంది," అంది హైమవతి. "తప్పు కనిపిస్తోంది. కానీ తప్పనిపించట్లేదు."

"అందరూ ఇదే మాటంటున్నారు. ముందే సులిపిలో చదివినవాళ్ళకు ఆ నమ్మకం వదలట్లేదు. సొంత చేత్తో రాయించాలి, మళ్ళీ మళ్ళీ. అప్పుడు వదులుతోంది." నిలోఫర్ కళ్ళు కిందికి దించింది. "పత్రికల వాళ్ళు తప్పులున్నాయని వెనక్కి పంపే వ్యాసాలు ఈ మూడేళ్ళలో తగ్గి తగ్గి ఆగిపోయాయి. అందరూ రాసేవాళ్ళు బాగుపడ్డారనుకున్నారు. నాకెందుకో అనుమానం వచ్చి ఇది మొదలుపెట్టాను. పాత అక్షరాల్లో మొదటిసారి చదివినవాళ్ళు దాదాపు అందరూ పట్టుకున్నారు. సులిపిలో ఒక్కరూ పట్టుకోలేదు."

"ఎందుకలా?"

"కన్ను ఆగేది అక్షరం బాగోలేక అనుకున్నాం కదా. మనసు ఒప్పుకోనప్పుడు కూడా కన్ను ఆగుతుంది హైమ గారూ. సులిపికి ఆ రెండిటికీ తేడా తెలీదు. రెండూ మాన్పించేసింది."

పదేళ్ళ పని హైమవతి ముందు తెర మీద వెలుగుతోంది. ఆ సాయంత్రం కొండ దిగే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మలుపు దగ్గర సముద్రం కనబడింది. అప్పుడు తట్టింది. సన్యాసిరావు ఆ వ్యాసం చదివింది సులిపిలోనే. విచారణ సంఘం చదివిందీ సులిపిలోనే.

* * *

ఆదివారం భర్త బజారుకు వెళ్ళాక హైమవతి పెద్ద కాగితం పరిచింది. అక్షరాలు గీసే వెదురు కలం తీసింది. జెట్టీ వ్యాసాన్ని ఆమె అంతకుముందు చదవలేదు. ఇప్పుడు చదవదలుచుకోలేదు కూడా. మామూలు అక్షరాల్లోకి మార్చుకుని, ఒక్కో గుర్తునూ బొమ్మ గీసినట్టు గీస్తూ పోయింది. అర్థం సంగతి పట్టించుకోలేదు. ఒక గుర్తు, దాని పక్కన ఇంకో గుర్తు.

రెండో పేజీలో అల ఎత్తుకు వాడిన అక్షరం పైన చిన్న రెండంకె ఉంది. వర్గం. అల రెండింతలైతే తాకిడి నాలుగింతలని దాని భావం. కింది పంక్తిలో అదే అక్షరం వచ్చింది. పైన రెండు లేదు. కలం పైకెత్తి వెతికింది. పక్క పంక్తిలో లేదు, తర్వాతి పేజీలో లేదు. ఎక్కడో జారిపోయిన చిన్న అంకె. రాసినవాళ్ళు చూడలేదు, సరిచూసినవాళ్ళు చూడలేదు, వాడినవాళ్ళు చూడలేదు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలు కూడా పట్టుకునే తప్పు. చిన్న అలలకు పెద్ద తేడా రాదు. సముద్రం రేగినప్పుడు మాత్రం స్తంభం మోయాల్సిన బరువులో సగం కూడా లెక్కలోకి రాలేదు.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. హైమవతి కాగితాన్ని మడిచి బీరువాలో చీరల కింద పెట్టేసింది.

"ఇవాళ రొయ్యలు దొరికాయి," అన్నాడు సన్యాసిరావు సంచీ ఎత్తి చూపిస్తూ. "గోంగూరలో వెయ్యి."

ఆమె గోంగూర వలిచింది. రొయ్యలు బాగుచేసింది. అతను తిని, మంచం మీద వెల్లకిలా పడుకుని, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఆ నిద్ర వైపు చూస్తూ ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. చెబితే ఈ నిద్ర మళ్ళీ రాదు. చెప్పకపోతే పైడయ్యకు రాదు. ఆ రోజు చెప్పలేదు. సోమవారమూ చెప్పలేదు.

మంగళవారం నిలోఫర్‌తో కలిసి డైరెక్టర్ రామబ్రహ్మం గారి గదికి వెళ్ళింది. నలభై ఏళ్ళు గణితం చెప్పిన మనిషి. నిలోఫర్ అంతకుముందే ఆయనకూ ఆ బేసి సంఖ్యల పేజీ ఇచ్చిందట. వీళ్ళు వెళ్ళేసరికి బల్ల మీద కాగితాలన్నీ ఆయన దస్తూరీతో నిండి ఉన్నాయి.

"నేనూ తల ఊపానమ్మా," అన్నాడాయన, ఎవరితోనో అంటున్నట్టు. "పిల్లలకు సున్నాలు వేసిన చేత్తో, బాగుందని కింద టిక్కు పెట్టాను."

హైమవతి జెట్టీ సంగతి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మందుల మోతాదులున్నాయి. విమానాల రెక్కలున్నాయి. ఈ మూడేళ్ళలో రాసినవన్నీ ఇలాగే దాటి ఉంటాయి. ఎన్నిటిలో తప్పుందో, అసలుందో లేదో కూడా మనకు తెలీదు. ఒక్కసారి ఆపేస్తే ఏది నమ్మాలో ఎవరికీ అర్థం కాదు హైమా."

"ఇప్పుడు అర్థమవుతోందా సార్?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆపేద్దాం. ఢిల్లీతో నేను మాట్లాడతాను." తర్వాత అడిగాడు, "మీ ఆయనకు చెప్పావా?"

"లేదు."

"ముందు ఆ పని చూడమ్మా. పేపర్లో చూసి తెలుసుకోకూడదు."

* * *

బుధవారం పొద్దున్న టిఫిన్ అయ్యాక హైమవతి బల్ల తుడిచి తెల్లకాగితాలూ పెన్నూ పెట్టింది. సన్యాసిరావు ఆఫీసుకు బయల్దేరబోతున్నాడు.

"పది నిమిషాలు కూర్చోండి. మీతో పని ఉంది."

సులిపి గురించీ నిలోఫర్ చేసిన పరీక్ష గురించీ చెప్పింది. అతను శ్రద్ధగానే విన్నాడు. జెట్టీ వ్యాసంలో తప్పుందని చెప్పగానే నవ్వాడు. కోపం కూడా రాలేదు.

"నువ్వు కంగారు పడుతున్నావు. ఆ పేజీ నాకు కంఠస్థం."

ఆమె టాబ్లెట్‌లో పాత అక్షరాల పేజీ తెరిచి రెండు పంక్తులూ వేలితో చూపించింది. "పైన వర్గం ఉంది. కింద లేదు."

అతను వంగి చూశాడు. "అవును, లేదు."

"మరి?"

"సరిగ్గానే ఉంది."

"వర్గం లేకుండా ఎలా సరిపోతుందండీ?"

"సర్దుకుంటుంది హైమా. ఎక్కడో సర్దుకుంటుంది," అన్నాడు సన్యాసిరావు, నూకరత్నంతో మాట్లాడినంత దయగా. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె భర్తను చూసి ఎన్నడూ భయపడలేదు. ఆ క్షణాన భయపడింది. ఎదురుగా కూర్చున్న మనిషికి జ్వరం లేదు, మతి పోలేదు. కళ్ళెదుట తప్పు పెట్టుకుని హాయిగా ఉన్నాడు. ఆ హాయి తన చేత్తో తయారైంది.

ఇక్కడితో ఆపేయొచ్చనిపించింది. పెన్ను తీసేసి, వెళ్ళి రండి అని గుమ్మందాకా సాగనంపితే జీవితాంతం ఇలాగే ఉంటాడు.

"నాకోసం రాయండి," అంది. "చూడకుండా, మొదటినుంచి. నాకు పాఠం చెబుతున్నట్టు రాయండి."

అతను చేతి గడియారం చూసుకుని, సరేనని పెన్ను తీసుకున్నాడు. మొదటిసారి గబగబా రాసేశాడు. కింది పంక్తిలో వర్గం లేదు. కాగితం ఆమె వైపు తోశాడు. ఆమె ఇంకో కాగితం పెట్టింది. రెండోసారీ అంతే. "ఏమిటీ చాదస్తం?" అన్నాడు. ఆమె బతిమాలింది. మూడోసారి మెల్లగా రాశాడు, కింద ఎందుకలా వచ్చిందో నోటితో చెబుతూ. "అల ఎత్తు వర్గం, దాన్ని ఈ గుణకంతో భాగిస్తే, అప్పుడు..." అల ఎత్తు అక్షరం రాశాడు. చెప్పకుండానే చెయ్యి పైకి వెళ్ళి చిన్న రెండంకె వేసింది.

దాన్ని చూశాడు. కొట్టేశాడు. మళ్ళీ వేశాడు.

ఆ తర్వాత కాగితం తిప్పి, వెనక వైపు స్తంభాల లెక్క మొత్తం వేశాడు, గంగడపాలెం అలల ఎత్తు పెట్టి. చివర వచ్చిన అంకె కింద గీత గీశాడు. గీత కాగితాన్ని చింపుకుని బల్ల మీదికి పోయింది. హైమవతి చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు.

"ఆ మేస్త్రీ భార్యకు నేనేం చెప్పాను?" అన్నాడు. "వరండాలో కూర్చోబెట్టి."

ఆమె బల్ల మీది కాగితాలు ఒకచోటికి చేర్చింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"ఇవాళ బుధవారం." అతను ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు, కొత్త మనిషిని చూసినట్టు. "రొయ్యలు వండావు ఆ రోజు."

"మీరు నిద్రపోతున్నారని," అని మొదలుపెట్టింది హైమవతి.

అతను లేచి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. లాయరుతో మాట్లాడి రేపు పోలీసుల దగ్గరికి వెళ్దామంది ఆమె. "రేపటిదాకా ఆయన లోపలే ఉండాలా?" అన్నాడు. చెప్పులు వేసుకోకుండా వీధిలోకి దిగాడు. ఆమె చెప్పులు పట్టుకుని వెనకాల పరుగెత్తింది.

* * *

విచారణ మళ్ళీ తెరిచిన రోజున హాలు కిక్కిరిసిపోయింది. అప్పటికే సులిపిని ఆపేశారు. లోకమంతా గగ్గోలుగా ఉంది. కొన్ని ఆసుపత్రుల్లో కొత్త మందులు ఇవ్వడం మానేశారు. కట్టిన వంతెనల మీద బరువు బండ్లను వెళ్ళనివ్వడం లేదు. ఎక్కడెక్కడి పంతుళ్ళూ, విద్యార్థులూ కాగితాలు ముందేసుకుని మూడేళ్ళ శాస్త్రాన్ని చేత్తో తిరగరాస్తున్నారు. కొన్నిటిలో తప్పులు బయటపడుతున్నాయి. ఎక్కువ వాటిలో ఏ తప్పూ లేదు. కానీ లేదని తేలేదాకా అవీ భయపెడుతున్నాయి.

సన్యాసిరావు సుద్దముక్కతో బోర్డు మీద ఆ రెండు పంక్తులూ రాసి చూపించాడు. మొదటి నివేదిక మీద సంతకాలు చేసిన పెద్ద ఇంజనీర్లు ముందు వరసలో ఉన్నారు. ఒకాయన జేబులోంచి కాగితం తీసి తనూ రాయడం మొదలుపెట్టాడు. మూడోసారో నాలుగోసారో రాస్తుండగా తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. హాల్లో అందరికీ కనబడింది.

విచారణ జరుపుతున్న రిటైర్డు జడ్జిగారు అడిగారు. "ఆ అక్షరాలు తయారుచేసింది మీ భార్య అని విన్నాను. మీరు చెప్పేదాన్ని బట్టి తప్పు అక్షరాలదా, మీదా?"

హైమవతి మూడో వరసలో కూర్చుని ఉంది. భర్త తన వైపు చూస్తాడనుకుంది. చూడలేదు.

"సంతకం అక్షరాలు పెట్టలేదండీ. నేను పెట్టాను," అన్నాడు సన్యాసిరావు.

తర్వాత ఆమె కూడా సాక్ష్యం చెప్పింది. ఎవరూ పిలవకుండానే లేచి వెళ్ళింది. ఆ అక్షరాలకు ముందు పరీక్ష పెట్టాల్సింది తామేననీ, కన్ను ఆగకపోవడమే గొప్ప అనుకున్నామనీ, ఎందుకాగుతోందో ఏనాడూ అడగలేదనీ చెప్పింది.

సన్యాసిరావును ఉద్యోగంలోంచి తీసేశారు. అతని మీదా, ఆ వ్యాసం వేసిన పత్రిక మీదా, పరిశోధన కేంద్రం మీదా కేసులు నడుస్తున్నాయి. అతను ఇప్పుడు పగలంతా పాత జెట్టీల లెక్కల్ని చేత్తో సరిచూస్తాడు. భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటున్నారు, మాట్లాడుకుంటున్నారు. ఆ మూడు రోజుల సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

పైడయ్యను విడిచిపెట్టారు. హైమవతి ఒక్కతే గంగడపాలెం వెళ్ళింది. సన్యాసిరావు బయల్దేరి, గుమ్మం దగ్గర కూలబడిపోయాడు.

పైడయ్య ఇంటి ముందు ఇసుకలో కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, చిక్కి సగమయ్యాడు. నూకరత్నం పీట తెచ్చి వేసింది గానీ పలకరించలేదు. హైమవతి పీట మీద కూర్చోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా జరిగిందో తనకు తెలిసినంతలో చెప్పింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. పైడయ్య అంతా విన్నాడు.

"నాను ఒప్పేసుకున్నానమ్మా," అన్నాడు.

"ఏమిటి?"

"జైల్లోన. పెద్ద పెద్దోళ్ళు ఒకరి తరవాత ఒకరొచ్చి, లెక్కలో తప్పు నేదు, తప్పు నీదేనని సెప్పీవోరు. ఆళ్ళకి కోపం కూడా నేదు. అంత నమ్మకంగా సెప్తంటే నాకూ అలాగే అనిపించింది. ఏదో రోజున నాను సూడకుండా ఇసక ఎక్కువేసుంటారని. ఏ రోజో కూడా గురుతొచ్చీసింది. ఏలిముద్ర ఎట్టీసాను."

హైమవతి అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషి సులిపిలో ఒక్క ముక్క చదవలేదు. అసలు చదవడమే రాదు. జరగని తప్పు అతని జ్ఞాపకంలోకి దిగి కూర్చుంది. ఎంతదూరం పాకింది ఇది?

"మీరేం తప్పు చేయలేదు పైడయ్య గారూ."

"ఆళ్ళూ ఇలాగే సెప్పారమ్మా, గట్టిగా. ఇప్పుడు మీరు సెప్తన్నారు. ఇది నిజమని నాకెలగ తెలుత్తాది?"

నూకరత్నం గుమ్మంలోంచి చూస్తోంది. కోర్టు కాగితం చూపించినా, పత్రికల్లో వచ్చింది చూపించినా, అదీ ఇంకొకరి నమ్మకమే. హైమవతి చుట్టూ చూసి ఒక పుల్ల తీసుకుంది. అతని ఎదురుగా ఇసుకలో గొంతుకూర్చుని, నేల చదును చేసి నిలువుగా ఒక గీత గీసింది.

"ఇది స్తంభం. ఇదిగో, ఇంత అల వచ్చింది. దీన్ని కొట్టింది. ఇప్పుడు దీనికి రెండింతల అల వచ్చిందనుకోండి. ఎత్తు రెండింతలైతే నీళ్ళ జోరు కూడా ఇంచుమించు రెండింతలవుతుంది. జోరు రెండింతలైతే స్తంభానికి తగిలే దెబ్బ నాలుగింతలవుతుంది. ఆ నాలుగును వాళ్ళు రెండని..."

"ఆగండమ్మా," అన్నాడు పైడయ్య. ముందుకు వంగాడు. గీతల వైపు కళ్ళు చికిలించి చూశాడు. "జోరు రెండింతలైతే దెబ్బా రెండింతలే అవ్వాల గదా. నాలుగెందుకవుద్ది?"

హైమవతి చేతిలో పుల్ల ఆగింది. గీసినవన్నీ అరచేత్తో చెరిపేసి, అతనికి ఇంకాస్త దగ్గరగా జరిగి, మొదటినుంచి మొదలుపెట్టింది.